అరకు కాఫీ మార్కులు ఎవరి ఖాతాలో?

అరకు కాఫీ గురించి ఎవరు రాసినా ముందు కొండల గురించే రాస్తారు. పొగమంచు, ఎర్రమట్టి, సిల్వర్ ఓక్ చెట్ల నీడ, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, ఇవన్నీ నిజమే. ప్యాకెట్ మీద అచ్చు వేసుకోవడానికి అందంగానూ ఉంటాయి. అయితే ఆ కాఫీకి నాణ్యత కొండల వల్ల వచ్చిందన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. తూర్పు కనుమల్లోకి కాఫీ మొక్క వచ్చి నూటపాతికేళ్లు దాటింది. అందులో మొదటి వందేళ్లూ కొండలు ఇవే, మంచూ ఇదే. అయినా అరకు పేరు చెప్పి కాఫీ అడిగిన కొనుగోలుదారు ప్రపంచంలో ఎక్కడా లేడు. గత ఇరవై ఏళ్లలో ఆ పేరు పారిస్ దాకా వెళ్లిందంటే, ఈ మధ్యకాలంలో అక్కడ ఏదో మారి ఉండాలి. నా ఉద్దేశంలో మారింది పండును కొనే పద్ధతి. అందుకే అరకు స్పెషాలిటీ (రుచి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న) కాఫీని ప్రకృతి ఇచ్చిన వరంగా కంటే ఒక సహకార సంఘం తయారుచేసిన వస్తువుగా చూడాలని నేను వాదిస్తాను. అలా చూసినప్పుడు ఆ సంఘంలో నిర్ణయాలు ఎవరివి, డబ్బు ఏ మెట్టు దగ్గర ఆగుతోంది అనే ప్రశ్నలు కూడా రుచికి సంబంధించిన ప్రశ్నలే అవుతాయి.

ఎత్తు లెక్కనే తీసుకుందాం. పాడేరు, అరకు చుట్టుపక్కల తోటలు ఎక్కువగా సముద్రమట్టానికి 900 నుంచి 1100 మీటర్ల మధ్య ఉంటాయి. ఇథియోపియాలో పేరుమోసిన యిర్గచెఫె తోటలు 1700 మీటర్లకు పైన ఉంటాయి. ఎత్తు పెరిగే కొద్దీ చలికి పండు నెమ్మదిగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది, తీపీ పులుపూ నిండుగా చేరతాయి. ఆ కొలతతో చూస్తే అరకు ఎత్తు గొప్పదేమీ కాదు. భూమధ్యరేఖకు 18 డిగ్రీల ఉత్తరాన ఉండడం, లంబసింగి వైపు శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగేంత చలి ఉండడం కొంత లోటు తీరుస్తాయి. ఇంతటితో మంచి కాఫీకి అవకాశం ఏర్పడుతుంది. ఆ అవకాశాన్ని కప్పు దాకా తీసుకురావడం వేరే పని, అది మనుషులు చేయవలసిన పని.

1898లో తూర్పు గోదావరి మన్యంలోని పాములేరు లోయలో బ్రిటిష్ వారు కాఫీ నాటించారని చెబుతారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అది అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. స్వాతంత్ర్యం తరువాత అటవీశాఖ తానే తోటలు వేసింది. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వెళ్లాయి. ఆ తోటల్లో గిరిజనులు కూలీలు. వాటి మీద హక్కు తమదేనని చుట్టుపక్కల గ్రామాలవాళ్లు చాలాకాలంగా అడుగుతూనే ఉన్నారు. మరోపక్క, పోడు మానిపించాలన్న ఆలోచనతో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటిడిఎ), కాఫీ బోర్డు కలిసి గిరిజన కుటుంబాలకు మొక్కలు పంచాయి, నీడ కోసం సిల్వర్ ఓక్ నాటించాయి. ఇవాళ అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అనంతగిరి నుంచి కొయ్యూరు దాకా పరుచుకున్న పదకొండు మండలాల్లో, కాఫీ పండించే గిరిజన కుటుంబాలు రెండు లక్షలకు పైమాటే. ఒక్కొక్కరికి ఉన్నది ఎకరం, రెండెకరాలు. దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే కాబట్టి బస్తాల లెక్కలో మన వాటా చిన్నది, కుటుంబాల లెక్కలో మాత్రం చాలా పెద్దది.

ఇక్కడ తోటలు చిన్నవిగా ఉండిపోవడం యాదృచ్ఛికం కాదు, పేదరికం ఒక్కటే కారణమూ కాదు. 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. ఏజెన్సీలో అందరూ 1/70 చట్టమని పిలిచేది దానినే. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. భూమిని పుచ్చుకోదగినవారు ఇద్దరే: ఒకరు షెడ్యూల్డు తెగకు చెందిన వ్యక్తి, మరొకటి పూర్తిగా షెడ్యూల్డు తెగల సభ్యులతోనే ఏర్పడిన సహకార సంఘం. ఈ రెండో మాట మీద చాలామంది దృష్టి నిలవదు. కాఫీ తోటల సంగతి అలా ఉంచి, గనుల విషయంలో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు కూడా ఈ ప్రాంతం నుంచే పుట్టింది. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన ఆ కేసులో, ప్రభుత్వం సైతం షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని కోర్టు చెప్పింది. కొడగు, చిక్కమగళూరుల్లో చిన్న రైతులతో పాటు వందల ఎకరాల ఎస్టేట్లు కూడా తలెత్తాయి. మన మన్యంలో అలా జరగకుండా చట్టం అడ్డుపడింది. భూమి ఒకచోట కూడడానికి వీలులేని చోట పంట ఒకచోట కూడాలంటే మిగిలిన చట్టబద్ధమైన దారి సంఘమే. అరకు కాఫీ వెనక సహకార సంఘం ఉండడాన్ని ఎవరో మంచి మనసున్నవాళ్ల ఆదర్శంగా మాత్రమే చూడకూడదని నేననేది ఇందుకే. ఆ సంఘం కింద భూమి హక్కుల చరిత్ర ఉంది.

ఎకరం తోట ఉన్న కుటుంబం పండును బాగా పండించగలదు. పండిన తరువాత జరగవలసినదాన్ని మాత్రం ఒంటరిగా చేయలేదు. కాఫీ చెట్టు మీద పండ్లన్నీ ఒకేసారి ఎర్రబడవు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాన పడిన తేదీలను బట్టి పూత విడతలు విడతలుగా వస్తుంది, ఆ ప్రకారమే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయ పండుతుంది. నాణ్యత కావాలంటే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగుసార్లు వెళ్లి, ఎర్రగా పండినవాటిని మాత్రమే కోయాలి. కోసిన రోజే పై తొక్క తీయాలి, లేకపోతే బుట్టలోనే పులవడం మొదలవుతుంది. తొక్క తీసిన గింజకు జిగురు అంటి ఉంటుంది. దాన్ని ఒక రోజో, ఒకటిన్నర రోజో పులియబెట్టి, సమయం మించకుండా కడగాలి. ఇందుకు నీళ్లు చాలా కావాలి. తరువాత గింజలో తేమ పది, పదకొండు శాతానికి దిగేదాకా నేలకు తగలకుండా ఆరబెట్టాలి. రాత్రి మంచుకు కప్పాలి, పొద్దున ఎండకు తీయాలి, గంటగంటకూ కలియబెట్టాలి. ఇన్ని చేసినా ఆరు కిలోల పండుకు చేతికి వచ్చే శుభ్రమైన గింజ ఒక కిలో.

మన్యం గ్రామాల్లో ఈ పనంతా చాలాకాలంగా ఇంటి ముందే జరుగుతోంది. తొక్క తీయడానికి నలుగురైదుగురు కలిసి వాడుకునే చిన్న యంత్రం, బేబీ పల్పర్, ఒకటి ఉంటుంది. తొక్క తీసిన గింజను ప్లాస్టిక్ డ్రమ్ములోనో గోనె సంచిలోనో ఉంచుతారు, గెడ్డలో (వాగులో) కడుగుతారు, పసుపు ఆరబోసిన టార్పాలిన్ పట్టా పక్కనే ఆరబోస్తారు. ఇలా పలుచని లోపలి పొట్టుతో ఆరబెట్టిన గింజనే పార్చ్‌మెంట్ అంటారు. హుకుంపేట వైపు ఒక గ్రామంలో అలా పార్చ్‌మెంట్ ఆరబోస్తున్న ఒక పెద్దావిడతో మాట్లాడాను. పక్కన గంపలో ఎర్రపండ్లతో పాటు పచ్చివీ, సగం పండినవీ కలిసి ఉన్నాయి. పండినవే ఏరితే మంచిది కదమ్మా అన్నాను. ఆవిడ గింజలు కలియబెట్టడం ఆపకుండానే సమాధానం చెప్పింది: "పండినవే ఏరితే మళ్లీ పది రోజులకి ఇంకోసారి కొండెక్కాలి బాబూ. సంతలో షావుకారు ఎర్రదానికీ పచ్చదానికీ ఒకటే తూకం వేస్తాడు. మరి నాకెందుకు ఆ కష్టం?"

ఆ సమాధానంలో అజ్ఞానం లేదు, అలసత్వమూ లేదు. కూలిని, ధరను సరిగ్గా బేరీజు వేసిన రైతు మాట అది. నాణ్యత గురించి రైతులకు అవగాహన కల్పించాలని సభల్లో ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఆ గంప గుర్తుకొస్తుంది. అవగాహన ఆవిడకు ఉంది. దానికి ధర కట్టేవాడే లేడు.

ఇప్పుడు స్పెషాలిటీ అనే ముద్ర ఎలా పడుతుందో చూద్దాం. అంతర్జాతీయంగా చాలాకాలం నడిచిన పద్ధతిలో కాఫీకి నూటికి మార్కులు వేస్తారు, 80 గానీ అంతకు పైన గానీ వస్తే స్పెషాలిటీ. ముందుగా 350 గ్రాముల పచ్చిగింజను పళ్లెంలో పోసి నల్లగింజలు, పులిసిన గింజలు, పురుగు తొలిచిన గింజలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఆ తరువాత లేతగా వేయించి, ఒకే కాఫీని ఐదు కప్పుల్లో పోసి రుచి చూస్తారు. వాసన, రుచి, పులుపు, నోటికి తగిలే చిక్కదనం వంటివాటికి మార్కులు ఉన్న మాట అందరికీ తెలుసు. నూటిలో ముప్పై మార్కులు మరో మూడింటికి ఉన్నాయని మాత్రం తక్కువమంది గమనిస్తారు: ఐదు కప్పులూ ఒకేలా ఉన్నాయా, ఐదూ శుభ్రంగా ఉన్నాయా, ఐదింటిలోనూ తీపి ఉందా. కప్పుకు రెండేసి మార్కుల చొప్పున ఒక్కొక్కదానికి పది. ఒక్క కప్పు చెడితే ఆ మేరకు మార్కులు పోతాయి. కప్పులో పడేది ఎనిమిది గ్రాముల చిల్లర గింజ. అందులో బాగా పులిసిపోయిన గింజ ఒక్కటి చాలు, ఆ కప్పు పాడవడానికి. పచ్చికాయలోంచి వచ్చిన గింజ అయితే వేయించినా రంగెక్కక పాలిపోయి, నోటికి గడ్డిలా తగులుతుంది. ఇటీవల ఈ మార్కుల పద్ధతిని మార్చి మరో విధానం తెస్తున్నారు గానీ, శుభ్రతకూ, కప్పులన్నీ ఒకేలా ఉండడానికీ ఉన్న విలువ ఎక్కడికీ పోదు.

ఒక పెద్ద ఎస్టేటులో ఈ ముప్పై మార్కులు ఒక మేనేజరు క్రమశిక్షణతో వస్తాయి. అరకులో ఒక లాటులో, అంటే ఒకే సరుకుగా కలిపి అమ్మే రాశిలో, వందల ఇళ్ల పండు కలుస్తుంది. తొంభైతొమ్మిది ఇళ్లవాళ్లు శ్రద్ధగా ఏరి, నూరో ఇంటివాళ్లు గోనె సంచిలో రెండు రోజులు మరిచిపోయిన గింజను తెచ్చి కలిపితే, నష్టం వందమందికీ పంచబడుతుంది. అందరి తప్పుకూ అందరూ బాధ్యులయ్యే చోట, అందరూ ఒప్పుకున్న నియమం, దాన్ని అమలుచేసే అధికారం రెండూ ఉండాలి. ఆ రెండూ సంఘం తప్ప వేరెవరూ ఇవ్వలేరు. ప్యాకెట్ మీద 85 అనో 87 అనో ఉన్న అంకెలో ఇంత పెద్ద భాగం వందల కుటుంబాల మధ్య కుదిరిన ఒప్పందానిది. కొండలకు అన్ని మార్కులూ ఇచ్చేస్తే ఆ ఒప్పందానికి ఏమీ మిగలదు.

ఈ ఒప్పందం 2007లో ఒక రూపానికి వచ్చింది. హైదరాబాదులోని నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో అరకులో చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయక సహకార సంఘం ఏర్పడింది. ఆ సంఘం చేసిన పెద్ద మార్పు ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఇంటి దగ్గర ఆరబెట్టిన పార్చ్‌మెంట్ బదులు, కోసిన రోజే ఎర్రపండును కొనడం. పచ్చికాయ ఉంటే తూకం దగ్గరే ఏరి పక్కన పెడతారు. తొక్క తీయడం, పులియబెట్టడం, ఆరబెట్టడం సంఘం చేస్తుంది కాబట్టి వాన పడితే పాడయ్యే ప్రమాదం కూడా సంఘం నెత్తిన పడుతుంది. రైతుకు చేతిలో డబ్బు, కప్పులో శుభ్రత, రెండూ ఒకే మార్పు నుంచి వచ్చాయి. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు, 2018లో అక్కడే ఒక పోటీలో బంగారు పతకం వచ్చింది, 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. పత్రికల్లో ఈ చివరి వాక్యమే శీర్షిక అవుతుంది. నన్ను అడిగితే తూకం దగ్గర పచ్చికాయను పక్కన పెట్టిన రోజు వార్త అంతకంటే పెద్దది.

గిరిజన సహకార సంస్థ (జిసిసి) మాట చెప్పకుండా ముందుకు పోతే అన్యాయమవుతుంది. 1956లో మొదలైన జిసిసి అటవీ ఉత్పత్తులు కొనడంతో పాటు, కాఫీలో సీజనుకు ముందే ధర ప్రకటించి కొనడం వల్ల సంతలో షావుకారు ఇష్టం వచ్చిన రేటు చెప్పే రోజులు చాలావరకు పోయాయి. జిసిసి కొన్నది ఎంత అన్నదానికంటే, జిసిసి రేటు ఇంత అని తెలిసిన రైతును దళారి మోసం చేయలేకపోవడం పెద్ద మేలు. 2025లో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాలు పెట్టిందీ ఆ సంస్థే. అయితే పేరులో సహకారం ఉన్నా దాన్ని నడిపేది ప్రభుత్వం నియమించిన అధికారి. అక్కడ గిరిజన రైతు అమ్మకందారు, ఎక్కువలో ఎక్కువ లబ్ధిదారు. ప్రభుత్వ జోక్యం నుంచి సహకార సంఘాలను తప్పించడానికే 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టాలకు అదే తొలి నమూనా. ప్రభుత్వ వాటాధనం ఉండదు, రిజిస్ట్రారు పెత్తనం తక్కువ, సభ్యులే యజమానులు. మన రాష్ట్రం దేశానికి ఇచ్చిన మంచి విషయాల్లో ఈ చట్టం ఒకటని నా అభిప్రాయం. దాని గురించి మనకంటే బయటివాళ్లే ఎక్కువ మాట్లాడుకుంటారు.

ఇక్కడిదాకా నేను సంఘం పక్షాన మాట్లాడాను. నా వాదనకు ఎదురయ్యే బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోలేను. పార్చ్‌మెంట్ అమ్మే రైతు చేతిలో సగం తయారైన సరుకు ఉంటుంది. రేటు నచ్చకపోతే నెలరోజులు అటక మీద దాచుకోవచ్చు. పండు అమ్మే రైతుకు ఆ వెసులుబాటు లేదు, సాయంత్రానికి అమ్మాల్సిందే. పులియబెట్టడం, కడగడం, ఆరబెట్టడం తెలిసిన ఇంటి నైపుణ్యం ఒక తరంలో పోయి, రైతు ముడిపండు సరఫరాదారుగా మిగిలిపోతాడు. విలువ పెరిగే ప్రతి మెట్టూ ఇంటికి దూరమవుతుంది. కిలో పండులోంచి గింజ తీసి వేయిస్తే సుమారు 140 గ్రాముల పొడి వస్తుంది, అంటే ఎనిమిదో తొమ్మిదో కప్పులు. నగరాల్లోని కాఫీ దుకాణంలో ఆ కప్పు ఒక్కొక్కటి రెండు వందల రూపాయల పైమాటే. ఆ డబ్బంతా దోపిడీ అనను. అద్దె, జీతాలు, పాలు, యంత్రాలు, పాడైన లాట్లు అన్నీ అందులోంచే రావాలి. అయినా కిలో పండు ధరనూ, తొమ్మిది కప్పుల ధరనూ పక్కపక్కన రాసి చూపించే హక్కు సంఘ సభ్యుడికి ఉండాలి.

అరకు పేరుతో నడిచే ప్రీమియం బ్రాండును చూస్తున్నది సంఘం కాదు, వేరే కంపెనీ; ఆనంద్ మహీంద్రా, క్రిస్ గోపాలకృష్ణన్ వంటి పారిశ్రామికవేత్తలు దాని వెనక ఉన్నారు. పారిస్‌లో దుకాణం తెరవడానికి కావలసిన పెట్టుబడి ఎకరం రైతుల వాటాధనంతో సమకూడదు కాబట్టి ఇది అర్థం చేసుకోదగిన ఏర్పాటే. వాళ్లు రాకపోతే ఆ దుకాణమే ఉండేది కాదు. కానీ బ్రాండుకు వచ్చే విలువ ఏటేటా పెరిగే ఆస్తి. పండుకు వచ్చే ధర ఏటా చేతికి వచ్చి ఖర్చయిపోయే ఆదాయం. అరకు అనే ఊరి పేరే ఆ ఆస్తిలో ముఖ్యభాగం కనుక, అందులో కొంత వాటా, చిన్నదైనా సరే, సంఘం పేరున ఉండాలనడం అత్యాశ కాదు. ఇథియోపియాలో 1999లో ఏర్పడిన ఒరోమియా కాఫీ రైతుల సహకార యూనియన్ ఎగుమతి లైసెన్సును తన చేతిలోనే పెట్టుకుంది, లాభంలో ఎక్కువ భాగాన్ని కింది సంఘాలకు తిరిగి ఇస్తుంది. మధ్యలో మరొకరు లేకపోవడం వల్ల కష్టాలు లేకపోలేదు గానీ, విదేశీ కొనుగోలుదారుతో బేరం ఆడేది రైతుల ప్రతినిధే.

సంఘమైతే చాలు, అంతా బాగుంటుందనుకునేవారు కెన్యా వైపు చూడాలి. న్యేరి కొండల కాఫీకి ప్రపంచంలోనే గొప్ప పేరు. అది పండించేది చిన్న రైతుల సహకార సంఘాలే. పండును సంఘం కేంద్రానికి పోసిన రైతుకు పూర్తి డబ్బు కాఫీ అమ్ముడైన తరువాతనే, నెలల తరబడి ఆగాక వస్తుంది. అందులోంచి కేంద్రం ఖర్చులు, మిల్లు ఖర్చులు, మార్కెటింగ్ రుసుము, పాత అప్పుల వడ్డీ పోయాక మిగిలినదే రైతుకు. అప్పుల్లో కూరుకుపోయిన సంఘాల వల్ల విసిగి, అద్భుతమైన కాఫీ చెట్లను తవ్విపారేసి వేరే పంట వేసుకున్నవాళ్లు అక్కడ ఎందరో. కప్పు నాణ్యత ఆకాశంలో ఉన్నప్పుడు కూడా ఇలా జరిగింది. నాణ్యత పెరిగితే రైతు బాగుపడతాడన్న సూత్రం దానంతట అది పనిచేయదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

సంఘానికి అసలు పరీక్ష ధర పడిపోయినప్పుడు వస్తుందని చాలామంది అనుకుంటారు. నాకైతే ధర పెరిగిన ఏడాదే ఎక్కువ భయం. న్యూయార్క్ మార్కెట్టులో అరబికా ధర 2001 చివర్లో పౌనుకు 50 సెంట్ల కంటే కిందికి పడింది, 2019లో కొన్ని నెలలు డాలరుకు దిగువన ఉంది. అలాంటి రోజుల్లో నాణ్యతకు అదనంగా ఇచ్చే సంఘం రైతుకు పెద్ద దిక్కు, ఎవరూ దాన్ని వదిలిపోరు. 2025 ఫిబ్రవరిలో అదే ధర 4 డాలర్లు దాటింది. అప్పుడు మామూలు గింజకూ మంచి గింజకూ మధ్య తేడా తగ్గిపోతుంది. నగదు పట్టుకుని గుమ్మం దగ్గరికే వచ్చే వ్యాపారి పచ్చిదీ పండినదీ కలిపి చెట్టు దులిపి ఇచ్చినా కొంటాడు. సంఘానికి ఇస్తానన్న పండు అటు పోతుంది. సంఘం ముందే కుదుర్చుకున్న ఎగుమతి ఒప్పందానికి సరుకు చాలదు, మిషన్లు ఖాళీగా ఉంటాయి. ఆ ఏడాది సభ్యుడు సంఘంతో ఉండాలంటే సంఘం తనదన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం మంచి మాటలతో రాదు, లెక్కలు చూపించడంతో వస్తుంది.

అందుకని నేను కోరేవి పెద్ద సంస్కరణలేమీ కావు. ఏ గ్రామపు లాటుకు ఎన్ని మార్కులు వచ్చాయో ఆ గ్రామానికి తెలియాలి, సీజను తరువాత ఆ మార్కులను బట్టి రెండో చెల్లింపు ఉండాలి. 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో రైతుల కాఫీలను విదేశీ నిపుణుల చేత రుచి చూపించి గెలిచినవాళ్లను సత్కరించడం మంచి పనే. గెలవని గ్రామాలకు తమ కాఫీలో లోపం ఎక్కడుందో చెప్పడం అంతకంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. రుచి చూసే బల్ల హైదరాబాదులోనో బెంగళూరులోనో కాక పాడేరులో ఉండాలి, దాని చుట్టూ మన్యం పిల్లలు ఉండాలి. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డు పరిశోధన కేంద్రం ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇది ఊహకు అందని మాట కాదు. ప్యాకెట్ మీద ఎత్తు, రకం, వేయించిన తేదీ అచ్చు వేస్తున్నారు. కిలో పండుకు రైతుకు ఎంత ఇచ్చారో ఇంకొక వరుసలో అచ్చు వేయడానికి సిరా ఎక్కువ పట్టదు. ఇక, పండు ఏరేది ముఖ్యంగా ఆడవాళ్లు. భూమి పట్టా మాత్రం చాలాచోట్ల మగవాడి పేరున ఉంటుంది, సభ్యత్వం పట్టాను అనుసరిస్తుంది. ఎర్రపండునూ పచ్చికాయనూ వేరుచేసే కన్ను ఎవరిదో సంఘంలో ఓటు కూడా వారికి ఉండాలని వేరే వాదించనక్కరలేదు.

మన ఇళ్లలో తాగే కాఫీ గురించి కూడా ఒక మాట. కోస్తా ఇళ్లలో డికాక్షన్ అంటే చికోరీ కలిసిన ముదురు వేపుడు, చిక్కటి పాలు, పంచదార. ఆ అలవాటును తక్కువ చేసి మాట్లాడే కాఫీ నిపుణులంటే నాకు గిట్టదు. ఉదయం మా ఇంట్లోనూ అదే. అయితే అరకులో అతి మంచి లాట్లు లేతగా వేయించి పాలు లేకుండా తాగేవారి కోసం ఊరు దాటిపోతుంటే, విశాఖపట్నంలో ఆ పేరుతో అమ్మే చాలా పొడుల్లో ఏ లాటు ఉందో చెప్పేవారు లేరు. పారిస్ అభిరుచి మారితే మన్యం రైతుకు దిక్కు తోచకుండా ఉండాలంటే, నాలుగు గంటల దూరంలో ఉన్న నగరాల్లో ఆ కాఫీని గుర్తుపట్టి కొనేవాళ్లు పెరగాలి.

ఇప్పుడు వీటన్నిటినీ మించిన పరీక్ష వచ్చిపడింది. 2025లో అరకు మండలంలో కాయతొలుచు పురుగు కనిపించింది. మన దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి జిల్లా గూడలూరు దగ్గర బయటపడింది. కర్ణాటక, కేరళ తోటలు అప్పటినుంచి దానితోనే బతుకుతున్నాయి. మన కొండలకు ఇన్నాళ్లూ అది రాలేదు. ఆవగింజంత నల్లటి ఆడపురుగు కాయ మొన దగ్గర రంధ్రం చేసుకుని లోపలికి వెళ్లి గింజలోనే గుడ్లు పెడుతుంది, మిగిలిన జీవితమంతా అందులోనే గడుపుతుంది. అధికారులు సోకిన కాయను కోయించి నాశనం చేయించారు. సేంద్రియ ముద్రతో అమ్ముకునే చోట రసాయన మందులు కొట్టడానికి లేదు. మిగిలినవి పురుగును చంపే బవేరియా శిలీంధ్రం, ఆల్కహాలు వాసన పెట్టిన ఉచ్చులు, అన్నిటికంటే ముఖ్యంగా కోత అయ్యాక చెట్టు మీదా నేల మీదా ఒక్క పండు కూడా మిగలకుండా ఏరివేయడం. మిగిలిపోయిన పండులోనే ఆ పురుగు వచ్చే పంట దాకా బతికి ఉంటుంది.

ఈ ఏరివేత ఒక రైతు చేస్తే చాలదు. పక్క తోటవాడు చేయకపోతే ఇతని కష్టం వృథా. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు గ్రామాల తోటలను ఆనుకునే ఉన్నాయి. వాటిలో రాలిన పండును ఎవరు ఏరతారు? సంఘం సభ్యుల తోటల మధ్యలో సభ్యత్వం లేనివాళ్ల తోటలూ ఉన్నాయి. ఏరిన పండు తూకానికి పనికిరాదు కాబట్టి ఆ రోజు కూలి ధరలో రాదు. జిసిసి, ఐటిడిఎ, కాఫీ బోర్డు, సంఘం, బ్రాండు కంపెనీ, అందరికీ ఈ పేరు మీద ఎంతోకొంత ఆదాయమో గౌరవమో ఉంది కనుక ఆ కూలిని పంచుకోవలసిందీ వీళ్లే. ఎవరి వాటా ఎంతో ఎర్రపండు ధర ప్రకటించే రోజునే, అదే కాగితం మీద రాసి గ్రామసభల్లో చదివి వినిపించాలి. సీజను మొదలయ్యాక ఈ లెక్క తేల్చుకుందామంటే అప్పటికి ఫిబ్రవరి వస్తుంది, ఆ నెలలో అందరూ సొంత పనుల్లో ఉంటారు, రాలిన పండు రాలినచోటే ఉంటుంది.